పదిలో ఆరు

ఆగస్టు 5, సోమవారం

అక్క పోరు పడలేక ఈ నోటుబుక్కు కొన్నాను. నిన్న ఫోన్లో ఆమెకు గీజరు పాడైన సంగతి చెప్పానట. పది నిమిషాలయ్యాక మళ్ళీ మొదటి నుంచీ చెప్పానట. "ఒరేయ్, మీ ఇంట్లో గీజర్లు ఎన్నిరా?" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "ఏ రోజుది ఆ రోజు రాసిపెట్టుకో, నా మాట విను" అంది. స్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, ఎవరితో మాట్లాడినా హోంవర్కు ఇవ్వకుండా వదలదు.

రాయడానికి ఏముంది? ముప్పై నాలుగేళ్ళు. రగ్బీ ఆడటం తప్ప వేరే పని రాదు. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి అడ్డంపడి కూలదోయడం నా ఉద్యోగం. పదకొండేళ్ళుగా ఇదే క్లబ్బు, ఇదే ఉద్యోగం. జట్టులో అందరూ గోడ అంటారు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. టైలరు షాపు మీద రెండు గదులు, రెండు కుర్చీలు. ఒక దాంట్లో నేను కూర్చుంటాను, రెండో దాంట్లో ఇస్త్రీ బట్టలు కూర్చుంటాయి. మా ఆవిడ నన్ను వదిలి వెళ్ళిపోయి నాలుగేళ్ళయింది.

తలనొప్పి లేదు.

ఆగస్టు 6, మంగళవారం

పాలు తెచ్చాను. గీజరు మనిషికి ఫోన్ చేశాను. బట్టలు ఉతికాను.

ఆగస్టు 7, బుధవారం

నిన్నటిది చదువుకుంటే నవ్వొచ్చింది. పొద్దున లేవగానే, ఇంకా ముట్టుకోని పనులన్నీ చేసేసినట్టు రాసిపెట్టాను. రాసేస్తే చేయక తప్పదు కదా అని. మొదట్లో నాకు ఆట నేర్పిన కోచ్ పద్ధతి అది, మ్యాచ్‌కు ముందురోజే "గెలిచాం" అని కాగితం మీద రాయించేవాడు.

బట్టలు ఉతికాను, ఫోనూ చేశాను. పాలు మాత్రం తేలేదు. ఇవాళ పొద్దున ఫ్రిజ్ తెరిస్తే పాలు లేవు. నోటుబుక్కులో ఉన్నాయి, ఫ్రిజ్‌లో లేవు. ఎవరైనా ఎత్తుకుపోయారా అని అర నిమిషం ఆలోచించాను. తర్వాత నల్ల టీ తాగాను.

ఆగస్టు 8, గురువారం

ఇవాళ సీజన్ పరీక్ష. ఏటా ఉండేదే. క్లబ్బు డాక్టరమ్మ తన గదిలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పది మాటలు చదువుతారు. గొడుగు, వంతెన, అద్దం, ఇలాంటివి. కాసేపాగి అడుగుతారు. ఎన్ని తిరిగి చెబితే అన్ని మార్కులు. సీజన్లో ఎవడి తలకైనా దెబ్బ తగిలితే ఇదే పరీక్ష మళ్ళీ పెట్టి, ఈ మార్కులతో సరిచూస్తారు. తగ్గాయా, ఇంటికే. మూడు వారాలో, మూడు నెలలో, శాశ్వతంగానో.

అందుకే మేము ముందే తప్పుతాం. పదీ గుర్తున్నా ఆరే చెబుతాం. రేపు దెబ్బ తగిలి బుర్ర నిజంగానే ఆరుకు పడిపోయినా కాగితం మీద ఏమీ తగ్గనట్టే ఉంటుంది. దీన్ని ఎవరు కనిపెట్టారో తెలియదు. నాకు ముందువాళ్ళు నేర్పారు, తర్వాతవాళ్ళకు నేను నేర్పాను.

తప్పడంలో కూడా పనితనం ఉంది. మరీ నాలుగే చెబితే అనుమానం వస్తుంది. మొదటి మాట, చివరి మాట ఎవడూ మర్చిపోడు, అవి చెప్పాలి. మధ్యలోవి వదిలేయాలి. ఒకటి తప్పు చెప్పి నాలుక కరుచుకుంటే మరీ మంచిది.

బొంగరానికి పోయిన వారం మా వంటింట్లో నేర్పాను. ఇరవై ఆరేళ్ళవాడు, కొత్తగా పెళ్ళయింది, పోయిన ఏడే జట్టులోకి వచ్చాడు. పట్టుకోబోతే గిర్రున తిరిగి జారిపోతాడని ఆ పేరు. పది మాటలు చదివితే పదీ చెప్పాడు. ఇంకో పది చదివితే అవీ చెప్పి, చివరి నుంచి మొదటికి కూడా అప్పజెప్పాడు. "నీకు తప్పడం నేర్పాలంటే మా తాతలు దిగిరావాలి" అన్నాను. ఇవాళ డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చి నాకు ఆరు వేళ్ళు చూపించాడు. మంచి శిష్యుడు.

నా సంగతి. ఇంకెన్ని సీజన్లు ఆడతాను, ఒక్కసారి నా అసలు మార్కులేమిటో చూద్దామనిపించింది. ఈసారి తప్పలేదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని విన్నాను, గుర్తున్నవన్నీ చెప్పాను.

ఆరు.

ఏళ్ళ తరబడి ఆరే చెప్పీ చెప్పీ నాలుక అక్కడే ఆగిపోవడం నేర్చుకున్నట్టుంది.

పరీక్ష అయ్యాక అందరం ఏటా పెట్టే కాగితం మీద సంతకం పెట్టాం. ప్రమాదం తెలిసే ఆడుతున్నాను, నా తలకు నేనే బాధ్యుణ్ణి అని ఉంటుంది దాంట్లో. చదివి పెట్టేవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

తలనొప్పి లేదు.

ఆగస్టు 11, ఆదివారం

అక్క ఫోన్. మాటల్లో మాటగా పరీక్ష సంగతి చెప్పాను, నవ్వుతుందనుకున్నాను.

"పాసవడానికి కాపీ కొట్టేవాళ్ళను చూశాను గానీ, తప్పడానికి తంటాలు పడేవాళ్ళను నా సర్వీసులో చూడలేదురా" అంది. ఆ వెంటనే, "ఇంకొకడికి కూడా నేర్పావా?"

"అందరూ చేసేదే అక్కా."

"నేను అందరి గురించి అడగలేదు."

నీతో చెప్పుకోవడం నాదే తప్పు అన్నాను. "గోడతో చెప్పుకోవడం నాదీ తప్పే" అని పెట్టేసింది. నా మార్కులు ఎన్నని అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణేనా?

ఆగస్టు 16, శుక్రవారం

గీజరు మనిషికి ఫోన్ చేసి ఎప్పుడొస్తావని కసిరాను. "సోమవారమే బాగుచేసి వెళ్ళాను కదండీ, మీరే దగ్గరుండి చేయించుకున్నారు" అన్నాడు. వెళ్ళి ట్యాప్ తిప్పితే వేడినీళ్ళు. మంచివాడు, నవ్వలేదు.

ప్రాక్టీసు అలసట.

ఆగస్టు 20, మంగళవారం

ప్రాక్టీసులో బొంగరానికి తలకు తగిలింది.

తగిలింది అని రాశాను. కొట్టింది నేను. కుడికి తిరుగుతాడనుకున్నాను, ఎడమకు తిరిగాడు. నా నుదురు, అతని కణత. ఆ చప్పుడు బయటివాళ్ళకు వినబడదు, ఆ ఇద్దరికే వినబడుతుంది.

కళ్ళు తెరుచుకునే పడి ఉన్నాడు గానీ ఎవరినీ చూడటం లేదు. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు. తర్వాత లేచి కూర్చుని, "అన్నా, గెలిచామా?" అని అడిగాడు. ప్రాక్టీసులో గెలవడమేమిటి.

డాక్టరమ్మ గ్రౌండ్ అవతలి వైపు ఉన్నారు. అతన్ని నేనే నడిపించుకెళ్ళాను. ఇది మా ఆచారం. దెబ్బ తిన్నవాడి చంక కింద చెయ్యేసి నడిపిస్తాం, చూసేవాళ్ళకు ముచ్చటగా ఉంటుంది. నడుస్తూ చెవిలో జవాబులు వేస్తాం, డాక్టరమ్మ అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే కాబట్టి. "ఇవాళ మంగళవారం. మన గ్రౌండు. ప్రాక్టీసు. శనివారం ట్రయల్ మ్యాచ్ మనమే గెలిచాం. ఎండ కళ్ళలో పడి తూలావు, అంతే." ఓ అరవై అడుగుల దూరం. ఆ అరవై అడుగుల్లో నన్ను ఎంతమంది ఇలా నడిపించారో, నేను ఎంతమందిని నడిపించానో.

అడిగినవన్నీ చెప్పాడు. తర్వాత పది మాటల పరీక్ష. ఆరు.

కాగితం మీద ఆరు, ఇప్పుడూ ఆరు. "ఏమీ తగ్గలేదు, రెండు రోజులు ఒట్టి పరుగు పెట్టు చాలు" అన్నారు డాక్టరమ్మ.

బయటికొచ్చాక అడిగాను. "కావాలనే ఆరు చెప్పావు కదా?"

"లేదన్నా, అంతే గుర్తొచ్చాయి" అన్నాడు. నవ్వుతున్నాడు. "మన ప్లాను భలే పనిచేసింది కదా."

ఆగస్టు 22, గురువారం

ప్రాక్టీసు అయ్యాక వాష్‌రూమ్‌లో ట్యాప్ ధారగా వదిలి ఉంది. ఎందుకు వదులుతారో నాకు తెలుసు, నేనూ వదిలినవాణ్ణే. బొంగరం లోపల వాంతి చేసుకుంటున్నాడు. బయటికొచ్చి నన్ను చూసి మూతి తుడుచుకున్నాడు.

"డాక్టరమ్మకు చెబుదామా?" అన్నాను.

"ఏమని చెబుతావన్నా? పదికి ఆరంటే మేం వేసిన నాటకమని చెబుతావా?" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "మొదటి మూడు మ్యాచ్‌లు ఆడితే రెండేళ్ళకు కాంట్రాక్టు ఇస్తారు. లేకపోతే ఇంటికి పొమ్మంటారు. మూడంటే మూడే. నీకు పుణ్యముంటుంది" అన్నాడు.

సరే అన్నాను. అతని తల, అతని ఇష్టం. కాగితం మీద కూడా అదే ఉంది.

ఆగస్టు 25, ఆదివారం

బొంగరం భార్య వచ్చింది. ఆమె మా ఇంటికి రావడం ఇదే మొదటిసారి. కుర్చీలో బట్టలు తీసి మంచం మీద పడేశాను. ఆ కుర్చీలో మనిషి కూర్చుంటే గది కొత్తగా కనబడింది.

"అన్నయ్యగారూ, ఆయన పగలంతా కర్టెన్లు వేసుకుని పడుకుంటున్నారు. నిన్న స్టవ్ వెలిగించి దాని మీద ఏమీ పెట్టకుండా నిలబడి ఉన్నారు. అడిగితే విసుక్కుంటున్నారు. గట్టిగా అడిగితే, మా గోడన్నను అడుగు, ఆయనకు తెలియనిది లేదు అంటున్నారు" అంది.

చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని జిప్పు తీస్తూ వేస్తూ ఉంది. నన్ను నమ్మడానికే వచ్చిందని తెలుస్తోంది.

"ఇది మా ఆటలో మామూలేనమ్మా" అన్నాను. "నాకు పదిసార్లు అయింది. నన్ను చూడు, గుండ్రాయిలా లేనూ?"

ఆమె నన్ను చూసింది. నిజంగానే చూసింది, కింది నుంచి పైదాకా. తర్వాత గదిని చూసింది. ఫ్రిజ్ తలుపు మీద "పాలు", గోడ మీద "తాళం", స్విచ్ బోర్డు పక్కన "గీజరు ఆపు", నేను అంటించుకున్న చీటీలన్నీ చదివింది. థాంక్సండీ అని లేచి వెళ్ళిపోయింది.

ఆమె మెట్లు దిగే చప్పుడు ఆగిపోయాక ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. సిగ్గేసింది. ఇంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు.

ఆగస్టు 27, మంగళవారం

చెప్పాలి.

చెబితే డాక్టరమ్మ మొదట అడిగేది ఒకటే. మరి నీ ఆరు నిజమా, నాటకమా? నాటకం అంటే మళ్ళీ పరీక్ష పెడతారు. పెడితే ఏం వస్తుందో నాకు తెలుసు. ఎనిమిదో తేదీ నుంచీ తెలుసు, నాలుక అలవాటని రాసుకున్నాను. బొంగరం గురించి నోరు తెరిస్తే నా ఆట కూడా అయిపోతుంది. ఆట అయిపోతే ఈ రెండు కుర్చీలే.

అతని కోసం ఊరుకుంటున్నాననుకున్నాను. కాదు, నా కోసమే. నేను పిరికివాణ్ణి. మనుషుల్ని గుద్దడానికి ఏనాడూ భయపడలేదు, ఒక మాట చెప్పడానికి భయపడి చస్తున్నాను.

శనివారం మ్యాచ్.

ఆగస్టు 29, గురువారం

డాక్టరమ్మకు అంతా చెప్పేశాను. బొంగరం సంగతీ, నా సంగతీ.

ఆగస్టు 30, శుక్రవారం

నిద్ర లేవగానే నిన్నటి పేజీ చదివాను. మనసు తేలికపడింది. చెప్పేశాను.

సాయంత్రం జట్టు లిస్టు పెట్టారు. బొంగరం పేరు ఉంది. నా పేరూ ఉంది. ఆశ్చర్యపోయాను. డాక్టరమ్మ ఎదురుపడితే నమస్తే పెట్టాను, ఆవిడ మామూలుగా తలూపి వెళ్ళారు. చెప్పాల్సింది చెప్పాను, నిర్ణయం ఆవిడది. చదువుకున్న మనిషి, ఆలోచించే చేసి ఉంటారు. నా పూచీ తీరింది.

తలనొప్పి లేదు.

ఆగస్టు 31, శనివారం

ఆసుపత్రి.

సెప్టెంబరు 2, సోమవారం

రాయాలి. ఇది మాత్రం మర్చిపోకూడదు.

మొదటి సగంలో నా ముక్కు పగిలి రక్తం వస్తోందని బయటికి పంపారు. డాక్టరమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నాను, ఆవిడ ముక్కులో దూది పెడుతున్నారు. గ్రౌండ్‌లో బంతి బొంగరానికి వచ్చింది. గిర్రున తిరిగి ఇద్దరిని తప్పించుకున్నాడు, చాలా అందంగా. తప్పించుకుని వెనక్కి పరిగెత్తాడు. మేం కాపాడుకోవాల్సిన వైపుకే. జనం పగలబడి నవ్వారు. కెప్టెన్ పట్టుకుని ఆపి, వీపు తట్టి అటు తిప్పాడు.

నాకు డాక్టరమ్మ మీద కోపం వచ్చింది. "గురువారం మీకు అంతా చెప్పాను కదా మేడమ్, అయినా ఎలా దింపారు?" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "ఏం చెప్పావు?"

"అదే, ఆరు సంగతి."

"గురువారం నేను అసలు ఇక్కడ లేను. ఆ రోజు నాకు సెలవు. ఏమిటా సంగతి?"

అప్పుడు గుర్తొచ్చింది. గురువారం పొద్దున టీ పెట్టుకుంటూ రాశాను ఆ వాక్యం, ఇంట్లోంచి బయలుదేరకముందు. రాసేస్తే చేయక తప్పదని. వెళ్ళాను. గదికి తాళం ఉంది. తాళం చూసి నాకు ఎంత సంతోషం వేసిందో ఇప్పుడు గుర్తొస్తోంది. రేపు చెబుదాంలే అనుకుంటూ ఇంటికి నడిచి వచ్చాను. శుక్రవారం పొద్దున పేజీ తెరిచి చదివాను. నా చేతిరాతే, నమ్మాను.

బెంచీ మీద అంతా చెప్పాను. వంటింట్లో పదికి పది, కాగితం మీద ఆరు, వాంతులు, కర్టెన్లు, స్టవ్. నిమిషం కూడా పట్టలేదు. పదకొండు రోజులు మోసింది నిమిషంలో అయిపోయింది. ఆవిడ దూది కింద పడేసి, లేచి, ఆట ఆపమని రెండు చేతులూ ఊపుతూ పరిగెత్తారు. రిఫరీ అటు తిరిగి ఉన్నాడు.

బంతి మళ్ళీ బొంగరానికే వచ్చింది. చిన్న దెబ్బ, భుజానికి భుజం. ఎవడైనా దులుపుకుని లేచేదే. అతను లేవలేదు.

సెప్టెంబరు 3, మంగళవారం

తల తెరిచి గడ్డకట్టిన రక్తం తీశారు. బతుకుతాడు అన్నారు. మిగతావి మెల్లగా తెలుస్తాయి అన్నారు.

సెప్టెంబరు 6, శుక్రవారం

నా పరీక్ష. ఈసారి ఐదు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు. తెలియదన్నాను. ఇక ఆడకూడదన్నారు. సరే అన్నాను. ఇంతేనా అనిపించింది.

తర్వాత క్లబ్బు లాయరు కూర్చోబెట్టి మాట్లాడాడు. మర్యాదస్తుడు, కాఫీ ఇచ్చాడు. "అతను మేజరు. తెలిసే సంతకం పెట్టాడు, తెలిసే తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. అంతేగా? మీరు ఆ మాట రాసిస్తే చాలు."

"అంతే కాదండీ" అన్నాను. "తక్కువ ఎలా తెచ్చుకోవాలో నేర్పింది నేను. కొట్టింది నేను. నడిపించింది నేను. వాళ్ళావిడకు ఏం కాదని చెప్పింది నేను. ఏటా అందరికీ ఆరే ఎందుకు వస్తోందని మీ క్లబ్బు పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. అదీ రాస్తాను."

పెన్ను మూత పెట్టేసుకున్నాడు. రాసి డాక్టరమ్మకు ఇచ్చాను.

సెప్టెంబరు 8, ఆదివారం

అక్కకు మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. ఏడుస్తోందని అర్థమైంది. "వచ్చి మా దగ్గర ఉండు" అంది. తర్వాత, "ఈ మాట పోయిన ఆదివారం కూడా చెప్పాను" అంది.

సెప్టెంబరు 11, బుధవారం

వార్డుకు వెళ్ళాను. వెళ్ళానని వచ్చాక రాస్తున్నాను. ఇకనుంచి ఏదైనా అయ్యాకే రాస్తాను.

బొంగరం దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. తల గొరిగేశారు, ఎడమ చెయ్యి దుప్పటి మీద ఊరికే పడి ఉంది. భార్య నారింజ తొనలు వలిచి అందిస్తోంది. నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. కూర్చోవడానికి రెండో కుర్చీ లేదు, నిలబడ్డాను.

"అన్నా" అన్నాడు. గొంతు మాత్రం పాతదే. "గెలిచామా?"

"ఓడిపోయాం తమ్ముడూ."

అంతలో ఆసుపత్రి పెద్ద డాక్టరు వచ్చారు. టార్చి వేసి కళ్ళు చూశారు. అట్ట పట్టుకుని, "ఇవాళ ఏ వారం?" అని అడిగారు.

బొంగరం నాకేసి చూశాడు. అలవాటైన చూపు. అరవై అడుగులు నడుస్తున్నప్పుడు చూసే చూపు. బుధవారం అని నా నాలుక చివరిదాకా వచ్చింది. డాక్టరు తల వంచి కాగితం సర్దుకుంటున్నారు, పెదాలు కదిపినా సరిపోయేది. అతని భార్య చేతిలో తొన అలాగే ఆగిపోయింది. ఆమె కూడా నన్నే చూస్తోంది.

దవడ బిగపట్టాను. అతను ఎదురుచూశాడు. చాలాసేపు ఎదురుచూశాడు. నేను చెప్పననీ, చెప్పలేననీ అతనికి అర్థమయ్యేదాకా అతని కళ్ళలోకే చూస్తూ నిలబడ్డాను. ఆ చూపు తట్టుకోవడం కన్నా పదిమంది మీద పడ్డం తేలిక.

"తెలీదండీ" అన్నాడు చివరికి.

డాక్టరు రాసుకున్నారు. భార్య తొన అతని నోటికి అందించి, నాకూ ఒకటి ఇచ్చింది. తిన్నాను.

వచ్చేటప్పుడు పాలు తెచ్చాను. ఫ్రిజ్ తెరిచి చూసి మరీ రాస్తున్నాను, ఉన్నాయి.

తలనొప్పి ఉంది. ఆగస్టు ఐదున కూడా ఉంది.